పాటగాడి రెక్కలు

పాటగాడి ఇంట్లో కుట్టుమిషను తొక్కుతున్న ఆమె, మేడమెట్ల మీద చప్పుడు వినపడగానే కాలు ఆపింది. ఆ అడుగులు పైకి వెళ్తున్నాయా, కిందికి వస్తున్నాయా అని చెవి ఒగ్గింది. కిందికే. మళ్లీ కాలు ఆడింది.

పాటగాడు తన ఇంట్లోనే తన మీద ఒక వీడియో తీయించుకుంటున్నాడు. ఒకప్పుడు అతను గిటారు భుజాన వేసుకుని గొంతు విప్పితే మైదానాలు ఊగిపోయేవి. ఇప్పుడు పిలిచే నాథుడు లేడు. అందుకని తన బతుకంతా తనే ఆడి చూపిస్తానని కూర్చున్నాడు. తల్లి తనే, తండ్రి తనే, బెత్తం పట్టిన మాస్టారూ తనే. వంటగదిలో చీర కట్టుకుని గరిటెను మైకు చేసుకున్నాడు. బట్టల బీరువాలో ముడుచుకుని తొలిప్రేమ పాట పాడాడు. పాత జట్టులో డ్రమ్ములు వాయించినతను కెమెరా పట్టి, నవ్వు ఆపుకోలేక బొమ్మంతా వణికించేవాడు.

ఆ వేషాలన్నీ కుట్టింది ఆ మిషను తొక్కుతున్న ఆమే. తొలి కచేరీ నుంచీ అతని చొక్కాలకు తళుకులు కుట్టిన చెయ్యి అది. ఆమె పేరు ఏ తెరమీదా పడలేదు. పడాలని ఆమెకూ తోచలేదు.

ఆఖరి దృశ్యం ఏమిటో విన్నప్పటి నుంచి మాత్రం ఆమెకు ముద్ద దిగడం లేదు. రెక్కలు కట్టుకుని మేడ పిట్టగోడ ఎక్కి పాడతాడట.

ఆమె భర్త గోడలకు రంగులు వేసేవాడు. ఒక ఉదయం ఊడిన గుండీ కుట్టించుకుని పనికి వెళ్లి, పరంజా మీంచి పడ్డాడు. సాయంత్రం ఆ చొక్కా తెచ్చి ఇచ్చారు. గుండీ చెక్కుచెదరలేదు. ఆనాటి నుంచి ఎత్తున మనిషి కనపడితే ఆమె అరికాళ్లు చల్లబడతాయి. కూతుర్ని ఊయల కూడా ఎక్కనివ్వలేదు.

పైగా కొలతలిస్తూ పాటగాడు, ఎగిరిపోతే ఎంత హాయిగా ఉంటుందో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వే ఆమెను తొలిచేస్తోంది. డ్రమ్ములతనికి చెప్పి చూసింది. వాడి పిచ్చి వాడికి ఆనందమని అతను కొట్టిపారేశాడు. ఇక ఎవరినీ అడగలేదు. రెక్కల అస్తరు లోపల, నడుముకు చుట్టుకునేలా గట్టి నవారు పెట్టి కుట్టేసింది.

మధ్యాహ్నం గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ తనూ మేడెక్కింది. అతను తొడుక్కున్న రెక్కల నవారు కొస నీళ్లతొట్టి ఇనుపగొట్టానికి కట్టి ముడి బిగించింది.

పాటగాడు వెనక్కి తిరిగి చూశాడు. "నన్ను కట్టేశావా అక్కా?"

"కట్టేశాను. కుట్టమంటే కుడతా, కట్టమంటే కడతా. కిందపడ్డ మనిషిని ఏరుకోవడం నావల్ల కాదు బాబూ."

అతను పిట్టగోడ ఎక్కాడు. గాలికి రెక్కలు పటపటలాడాయి. పాట సాగినంతసేపూ ఆమె అతన్ని చూడలేదు. ముడినే చూసింది. అతను దిగి ఎదురుగా నిలబడ్డాకే ముడి విప్పింది.

కిందికి వచ్చాక చూస్తే రెక్క అంచు గోడకు గీసుకుని చిరిగి ఉంది. డ్రమ్ములతను టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లాడు. ఒంటిమీదే కుట్టెయ్యమని పాటగాడు కుర్చీలో వాలాడు. ఆమె సూదిలో దారం ఎక్కించుకుని అతని పక్కనే నేలమీద కూర్చుంది.

"భయమేసిందా అక్కా?"

"వేసింది."

"నాకూ వేసింది. దూకాలని ఉందేమో అనుకున్నా. పైకెక్కాక తెలిసింది, లేదని."

ఆ మాటకు ఆమె గుండె మీది బరువు దిగిపోయింది. అతను సన్నగా కూనిరాగం తీశాడు. రాగం పలచబడి ఆగిపోయింది. కొలతలకైనా కుదురుగా నిలబడని మనిషి, అలిసి నిద్రపోయాడనుకుని మురిసిపోయి, ఆమె చిరుగు చివరిదాకా కుట్టింది. దారం కొరకబోతుంటే అతని చెయ్యి జారి ఆమె భుజం మీద పడింది. బరువే తప్ప అందులో మనిషి లేడు.

డాక్టరు వచ్చి గుండె ఆగిందని చెప్పి వెళ్లాడు. మోసుకెళ్లబోతే రెక్కలు గుమ్మంలో పట్టలేదు. ఆమే విప్పి కుర్చీ మీద పరిచింది. అందరూ వెళ్లిపోయిన గదిలో, కొత్త కుట్టు చివర, కొరకని దారానికి సూది వేలాడుతోంది.