ఏడో నంబరు మౌత్‌పీసు

పదకొండో మౌత్‌పీసును కూడా చిన్నాయన తన శాక్సఫోన్ నుంచి ఊడదీసి, తుడిచి, బల్లమీద పెట్టాడు. మిగిలిన పదీ అప్పటికే ఆకుపచ్చ గుడ్డమీద వరసగా ఉన్నాయి: తప్పు చేసి బడి ముందు నిలబడ్డ పిల్లల్లా.

"ఇదీ కాదు."

"కాదని నాకూ వినబడింది," అన్నాడు ఆకురాయి. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఉన్నవాటన్నిటికీ వంక పెట్టావు. ఇక నా కట్టుడుపళ్లు మిగిలాయి. తీసివ్వనా?"

ఆకురాయి అసలు పేరేమిటో వాద్యకారుల్లో ఎవరికీ గుర్తులేదు. శాక్సఫోన్ల మౌత్‌పీసులు అరగదీసి సరిచేయడం నలభై ఏళ్లుగా అతని వృత్తి. ఆ చేత్తోనే మనుషుల్నీ మాటలతో అరగదీస్తాడు గనక ఆ పేరు స్థిరపడింది. ఒంటికిటికీ గది, నల్లటి రబ్బరు పొడి పట్టిన బల్ల, బల్లమీద ఒక మందపాటి అద్దం పలక. అంతకుమించి ఆ దుకాణంలో చెప్పుకోదగ్గ సామాను లేదు.

చిన్నాయనకు వ్యవధి లేదు. మర్నాడు ఉదయం పది గంటలకు స్టూడియో. అన్నదమ్ములిద్దరూ కలిసి తలపెట్టిన ఆల్బంలో ఆరు పాటలు. రాసినవాడు తమ్ముడు, టెనర్ శాక్సఫోన్ వాయించినవాడు అన్న. అయిదు పూర్తయ్యాక ఆరోది సగంలో ఉండగా పెద్దాయన పోయాడు. ఆరు వారాలైంది. మిగిలిన పాటను చిన్నాయన వాయించాలి. దానికి వదిన పెట్టిన షరతు ఒక్కటే.

"ఆఖరి పాట దగ్గర మనిషి మారిపోయాడని నాకు తెలియకూడదు. మీ అన్నయ్య గొంతుతోనే ముగించు."

సరేనని మాటిచ్చాడు. పోయినవాళ్లు మరోచోట ఉంటారని ఏనాడూ నమ్మనివాడు గనక, అంతకుమించిన ఓదార్పు ఆమెకు ఇవ్వలేకపోయాడు. నాదమంటే గాలి కంపించడం. కొలతలు కుదిరితే రాక తప్పదు. తాను ఇవ్వగలిగిన మాట అదొక్కటేనని అతనికి తోచింది.

కాని కుదరడం లేదు. ఒకప్పుడు పెద్దాయన నాదం గోడకు మేకు దిగినట్టుండేది. చివరి రెండేళ్లలో అది మెత్తబడింది, నల్లబడింది. ప్రతి స్వరం అంచునా కాస్త గాలి చేరి, మూసిన తలుపు వెనక మాట్లాడుతున్నట్టు వినిపించేది. పత్రికలవాళ్లు పరిణతి అన్నారు. చిన్నాయన కూడా అదే అనుకుని, ఆ మెత్తదనానికి తగ్గట్టు ఏటికేడాది, ఒకే ఊపిరిలో వాయించాల్సిన మరింత పొడుగాటి స్వరవాక్యాలు రాస్తూ వచ్చాడు.

అతను జేబులోంచి చేతిగుడ్డలో చుట్టిన పన్నెండోదాన్ని తీశాడు.

"అన్నయ్యదే. దీన్ని ఇంట్లోనే చూశాను. ఊదితే గొంతు పిసికినట్టు మూసుకుపోతోంది. ఎక్కడో బీట వారి ఉంటుంది. చూడండి బాబాయ్."

ఆకురాయి దాన్ని చూశాడు గాని ముట్టుకోలేదు.

"ఇది చివర్లో తీస్తావేం?"

"పాడైనదాన్ని ముందు తీసి ఏం లాభం? నాదీ ఏడే, దీనిమీదా ఏడనే ముద్ర ఉంది. నాది పలుకుతోంది, ఇది పలకడం లేదు."

"కొలిచావా?"

"ముద్ర ఉందిగా."

"దేవుడు ఎదురుపడ్డా రుజువేదని అడిగే మనిషివి. ఇంత రబ్బరు ముక్కమీద అంకె కనబడితే వేదవాక్కైపోయిందా?"

ఆకురాయి సొరుగులోంచి సందు కొలిచే ఉక్కు రేకులు తీశాడు. మౌత్‌పీసు కొసకూ, దానికి బిగించిన రీడ్ అనే పల్చటి రెల్లుబద్ద కొసకూ మధ్య ఉండే సందే ఏడు, ఆరు, నాలుగు అనే నంబర్లకు ఆధారం. సందు పెద్దదైతే నాదం పెద్దది. దాన్ని పలికించడానికి కావలసిన ఊపిరీ పెద్దదే. రెండున్నర మిల్లీమీటర్ల రేకు దూరలేదు. రెండూ పాతికది దూరలేదు. రెండు మిల్లీమీటర్లదీ దూరలేదు. ఒకటీ ఎనభైది సరిగ్గా పట్టింది.

"నాలుగు కూడా కాదు ఇది," అన్నాడు ఆకురాయి.

"ఎవడు దీన్ని ఇలా చెడగొట్టింది?"

"నేనే."

చిన్నాయన చెయ్యి చాచి మౌత్‌పీసును అందుకున్నాడు.

"మూడుసార్లు. రీడ్ ఆనే ఈ చదును భాగాన్ని అద్దం మీద ఎమరీ కాగితం పరిచి అరగదీస్తే సందు దిగుతుంది. మొదటిసారి రెండేళ్ల కిందట వచ్చాడు. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయట, వెనక్కి రావట. డాక్టరు కాగితాలు ఇదిగో, ఈ బల్లమీదే పెట్టి, 'ఈ ఊపిరికి తగ్గట్టు దీన్ని తగ్గించు' అన్నాడు. మళ్లీ ఏడాదికి వచ్చాడు. మళ్లీ ఆర్నెల్లకు. రీడ్లూ మెత్తటివి వేసుకున్నాడు. వాటిమీద ఎంత మెత్తనో చెప్పే అంకెలు కనబడకుండా నాచేతే గీకించాడు."

"ఇంట్లో ఎవరికీ తెలియదు. హఠాత్తుగా ముంచుకొచ్చిందనుకున్నాం. నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పకూడదనే కదా ఇంత తతంగమూ. 'తమ్ముడికి తెలిస్తే జాలిపడి నాకు చిన్నచిన్న ముక్కలు రాస్తాడు. వాణ్ణి రాయనీ. నువ్వు దీన్ని అరగదీయి' అన్నాడు."

పరిణతి ఇదన్నమాట.

ఆరో పాటలో పన్నెండు బార్ల, అంటే పన్నెండు తాళావర్తాల, వాక్యం ఒకటుంది. ఒకే ఊపిరిలో ఇరవై సెకన్లు. ఆరోగ్యవంతుడికి పెద్ద లెక్కలోది కాదు. చివరిసారి స్టూడియోకు వచ్చిన రోజు పెద్దాయన దాన్ని ఎనిమిదిసార్లు మొదలుపెట్టాడు. ఎనిమిదిసార్లూ తొమ్మిదో బారులో తెగిపోయింది. గాజుతెర ఇవతల మైకు పట్టుకుని చిన్నాయన, "అన్నయ్యా, బద్ధకం మానుకో. ఇంకోసారి," అన్నాడు. అన్న బొటనవేలు పైకెత్తి చూపించి మళ్లీ మొదలుపెట్టాడు. ఎనిమిదోసారి తర్వాత కుర్చీలో కూర్చుని, "రేపు చూద్దాంరా," అన్నాడు. ఆ తర్వాత పంతొమ్మిదో రోజున పోయాడు.

చిన్నాయన తన అలవాటు ప్రకారం లెక్క సరిచూసుకున్నాడు. వాయించడం వల్ల ఆ జబ్బు రాదు. వాయించకపోతే నయమయ్యేదీ కాదు. ఆ ఎనిమిదిసార్లు లేకపోయినా పంతొమ్మిదో రోజు పంతొమ్మిదో రోజే అయి ఉండవచ్చు. ఇదంతా నిజమే. ఇంకోసారి, ఇంకోసారి అని ఎనిమిదిసార్లు వాయింపజేసిందీ నిజమే. మొదటి నిజాలేవీ ఈ రెండోదాన్ని కొట్టివేయలేదు.

"ఆ నాదం కావాలంటే ఇందులోనే ఉంది," అన్నాడు ఆకురాయి. అతని గొంతులో వెటకారం పోయింది. "నువ్వు నిండుగా ఊదుతున్నావు గనక రీడ్ కొసకు అతుక్కుపోతోంది. మెత్తటి రీడ్ వెయ్యి. ముందు రొమ్ములో ఉన్నదంతా వదిలెయ్యి. తర్వాత సగమే పీల్చు. ఆ సగంతో వాయించు."

చిన్నాయన అన్న మౌత్‌పీసుకు మెత్తటి రీడ్ బిగించి, శాక్సఫోన్‌కు తొడిగాడు. ఊపిరంతా వదిలాడు. సగం పీల్చి, పన్నెండు బార్ల వాక్యం మొదలుపెట్టాడు.

మొదటి స్వరానికే ఆకురాయి తల వంచుకున్నాడు. మూసిన తలుపు వెనక మనిషి మాట్లాడుతున్నాడు. అదే మెత్తదనం, అంచున అదే గాలి. నాలుగో బారుకు చిన్నాయన పక్కటెముకలు బిగుసుకున్నాయి. ఏడో బారుకు కళ్లముందు చుక్కలు లేచాయి. తర్వాత స్వరం వణికి, తెగిపోయింది.

"ఎక్కడ?" అన్నాడు ఆకురాయి.

"తొమ్మిదో బారు."



నిండా పీలిస్తే వాక్యం దక్కుతుంది, నాదం పోతుంది. సగం పీలిస్తే నాదం దక్కుతుంది, వాక్యం తెగుతుంది. చిన్నాయన సంచీలోంచి స్వరాల కాగితం తీసి బల్లమీద పరిచాడు. పెన్సిలు పట్టుకుని, ఎనిమిదో బారు చివర చిన్న కామా పెట్టాడు. ఇక్కడ ఊపిరి తీసుకోవచ్చు అని వాద్యకారుడికి చెప్పే గుర్తు అది.

"ఆయన వద్దన్నది అదే," అన్నాడు ఆకురాయి.

"నాతో అనలేదుగా."

మళ్లీ ఊపిరంతా వదిలి, సగం పీల్చి, మొదటినుంచీ వాయించాడు. కామా దగ్గర ఆగి మరో సగం తీసుకున్నాడు. ఆ విరామం కనురెప్ప పాటు కూడా లేదు. వాక్యం ఏమీ చెడలేదు. ముందుకు వెళ్లి, పన్నెండో బారులో, రాసినట్టే, అన్న గొంతుతోనే ముగిసింది.

ఆకురాయి ఉక్కు రేకులు ఒక్కొక్కటే మడిచి సొరుగులో పెట్టాడు.

"వచ్చింది," అన్నాడు.

చిన్నాయన తల ఊపాడు. బదులు చెప్పడానికి ఊపిరి చాలలేదు. కాగితం మీది కామాను చూస్తూ, ఊపిరి తిరిగి వచ్చేదాకా కూర్చున్నాడు.