సినిమాలో లేని ఇల్లు

సఖినేటిపల్లి రేవులో పొద్దున్నే జనాన్ని, బళ్లని ఏరు దాటించే మొదటి పంటు కదిలే వేళకి మాణిక్యం, ఎర్రయ్య టీ కొట్టు ముందు చిమ్మి, నీళ్లు జల్లి, రేకుల షెడ్డు కింద తన మూట సర్దేసుకునేది. గోదారి పోటు మీదుంటే ఏటి నడుమ ఆవిడ పెంకుటిల్లు కూడా అప్పటికే పైకి లేచి ఉండేది. ఓ వరదలో గోదారి కోసుకుపోయిన ఇల్లే. గోడలకి పట్టిన నాచుతో సహా లేచేది, ఆటు తీయగానే దిగిపోయేది. పంటు నడిపే పెద్దిరాజు, "మాణిక్యం గారిల్లు లేచిందండోయ్, కాస్త పక్కకి తిప్పుతున్నా" అని కేకేసేవాడు. మోటారు సైకిళ్ల వాళ్లు కాళ్లు గట్టిగా ఆన్చుకునేవారు. అంతే.

పడవేసుకుని దగ్గరికెడితే మాత్రం ఇల్లు మునిగిపోయేది. "మా ఆయన పోయిన దగ్గర్నుంచి గడపకి పసుపు నేను రాయలేదు, మా బేబీయే రాసేది. ఇప్పుడు రాసేవాళ్లు లేక ఇంటికి అలకొచ్చింది" అనేది మాణిక్యం.

ఆ కూతురు బేబీని ముమ్మిడివరం ఇచ్చేరు. అత్తవారి లెక్కలో వియ్యపురాలు కువైట్‌లో ఉంది. నిజానికి కువైట్ పంపిస్తానన్న ఏజెంటు మాయమైపోయేడు, మాణిక్యం రేవులోనే ఉండిపోయింది, ఆ సంగతి కూతురికి చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్లో పంటు హారన్ వినబడితే, "ఇక్కడ ఓడలెక్కువమ్మా" అనేది. బేబీ అత్తగారు రత్నమాల కువైట్ పేరు చెప్పుకుని వీధంతా తిరిగేది. ఆ పేరు మీదే బేబీకి ఆ ఇంట్లో ఓ మర్యాద, ఓ మాట.

సరిగ్గా అప్పుడు దిగేడు సురేంద్ర. ఇల్లు లేనివాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తాడట. అమలాపురం కుర్రాడే. మాటకి ముందు ఆయ్, మాటకి వెనక అండీ. షెడ్డులో చతికిలబడి మాణిక్యం వండిన మెత్తళ్ల చేపల పులుసు వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. పిన్నిగారూ అని వరస కలిపేడు. ఇంకేం, మాణిక్యం కరిగిపోయింది.

"అన్నీ చెప్తాను బాబూ. నా మొహం మాత్రం చూపించకు. మా అమ్మాయి కాపరం."

"అయ్యో, ఎంతమాటండీ! వెనకనుంచే తీస్తానండి."

"ఏట్లో దిగి చెప్పు."

దిగేడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, దోసిట్లో గోదారి నీళ్లు పట్టి ఒట్టేసేడు.

వెనకనుంచే తీసేడు, కాదనకూడదు. చివరి రోజున ఇల్లు లేచింది. ఇల్లు లేస్తే మాణిక్యానికి ఒంటిమీద స్పృహ ఉండదు. గట్టు చివరికి పరుగెత్తి, కొంగు నోట్లో కుక్కుకుని చూస్తూ నిలబడిపోతుంది. పంటు మీదున్న సురేంద్ర కెమెరా ఇటు తిప్పేడు.

సినిమా అమలాపురంలో వేసేరు. తర్వాత అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. మాణిక్యం ఎర్రయ్య ఫోన్లో చూసింది. తన మొహం, కన్నీళ్లతో సహా, తెర నిండా. ఎదర ఇల్లు లేదు. ఉత్త నీళ్లు. ఎవరిదో బరువైన గొంతు, "మతి చలించిన ఈ తల్లి రోజూ శూన్యంలోకి చూస్తూ ఉంటుంది" అంటోంది.

"ఇల్లేదిరా?" అంది మాణిక్యం.

ఎర్రయ్య సురేంద్రకి ఫోను కలిపిచ్చేడు.

"ఇల్లు లేనివాళ్ల సినిమా కదండీ పిన్నిగారూ. మధ్యలో ఇల్లు కనబడితే జనం ఏమనుకుంటారండీ? తీయించేసేనండి."

"మరి మొహం?"

"అందర్నీ ఏడిపించింది ఆ ఒక్క షాటేనండి..."

"గోదాట్లో దిగి చెప్పేవు కదరా!"

అవతల ఫోను పెట్టేసేడు. మాణిక్యం ఉన్నచోటే కూలబడింది. "నా చేతి కూడు తిన్నాడే! తిన్నింటి వాసాలు లెక్కపెట్టినా బాగుండేది, ఇల్లే లేకుండా చేసేడే!" అని గుండెలు బాదుకుంది. ఎర్రయ్య టీ ఇస్తే ముట్టుకోలేదు.

మర్నాడు బస్సులు మారి మారి బేబీ వచ్చింది. చేతిలో బట్టల సంచి.

"మా అత్తగారు టీవీలో పెట్టి చుట్టాలందరికీ చూపించేరమ్మా. పుట్టిల్లంటూ ఉంటే అక్కడికే పో అన్నారు. ఆయన తల కూడా ఎత్తలేదు." బేబీ సంచి కింద పెట్టేసింది. "వాళ్లు పరాయివాళ్లు, సరే. నువ్వెందుకమ్మా నాతో అబద్ధమాడేవు? ఓడలన్నావు. నేను నమ్మి ఊరంతా చెప్పుకున్నాను."

సురేంద్రని తిట్టిన తిట్లన్నీ మాణిక్యానికి తనకే వచ్చి తగిలినట్టయింది.

అంతలో పోటెక్కింది. ఇల్లు లేచింది. ఈసారి ఏటి నడుమ ఆగకుండా జరుక్కుంటూ జరుక్కుంటూ రేవు మెట్ల దాకా వచ్చి నిలబడింది. పెద్దిరాజు పంటు ఆపేసేడు. బేబీ తల్లికేసి చూడలేదు. కళ్లు తుడుచుకుని, రేవు పక్క పూలకొట్లో కాస్త పసుపు అడిగి పుచ్చుకుని, నీళ్లలోకి దిగింది. గడప మీద నాచంతా గోకేసి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పసుపు రాసింది.

"రా," అంది, వెనక్కి తిరక్కుండానే.

ఆ పూట ఆటు తీసింది. ఇల్లు దిగలేదు.

సినిమాకి బహుమతి వచ్చేక సురేంద్ర మళ్లీ వచ్చేడు, రెండో భాగం తీయడానికి. షెడ్డంతా వెతికి, "పిన్నిగారెక్కడండీ?" అని పెద్దిరాజుని అడిగేడు.

పెద్దిరాజు గెడ్డంతో చూపించేడు. "ఇంట్లో ఉన్నారండి. మీకక్కడ పనుండదు లెండి."

అయినా సిగ్గులేకుండా కెమెరా భుజానేసుకుని గుమ్మం దాకా వెళ్లేడు. లోపల పులుసు ఉడుకుతున్న వాసన. "పిన్నిగారూ!" అని పిలిచేడు.

మాణిక్యం వచ్చింది. పచ్చటి గడపకి అవతల నిలబడి అతని మొహంలోకి నిదానంగా చూసింది. ఇన్నేళ్లకి ఆవిడకి వెయ్యడానికో తలుపుంది. వేసేసింది.