నాన్న వేషం

వీధిలో అందరి బట్టలూ ఇస్త్రీ చేసే నాన్న, తన చొక్కా మాత్రం నలిగిందే తొడుక్కుంటాడు. అలాంటి మనిషి పొద్దున్నే తన తెల్లచొక్కా బల్ల మీద పరిచేసరికి కూతురు మైకుకి అర్థమైంది. అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. బడికి వెళ్లి, తొమ్మిదో తరగతి రిజిస్టర్లోంచి కూతురి పేరు తీయించేస్తాడు.

లైఫ్ స్కిల్స్ క్లాసులో టీచరమ్మ ఆడించిన నాటకం సరిగ్గా ఇదే. చదువు మానెయ్యమనే తండ్రి, నచ్చజెప్పే కూతురు. గొంతు పెద్దదని మైకు అనే పేరు పడ్డ ఈ పిల్లకి ప్రతిసారీ తండ్రి వేషమే. లేని మీసం మెలేసి అదరగొట్టేది. కూతురి మాటలు ఒక్కసారీ అనలేదు. ఇప్పుడవే కావాల్సి వచ్చాయి.

"నాన్నా, నేను బడి మానను."

"చదివింది చాల్లే. అమ్మకి సాయంగా ఉండు." ఇస్త్రీపెట్టె కాలరు మీద కదిలింది. "నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు."

"తర్వాత, 'ఆడపిల్లవి, చెప్పింది విను' అంటావు. బళ్లో ఆ వేషం నేనే వేశాను."

ఇస్త్రీపెట్టె ఆగింది.

"నోరు తగ్గించవే," అంది బట్టలు విడదీస్తున్న అమ్మ. "ఆ చొక్కా కాలిపోతుంది."

ఒకరోజు క్లాసులో టీచరమ్మ ఆ నాటకం ఆపి మైకుని, "తండ్రిగారూ, ఇంత అరుస్తున్నారు, లోపల దేనికి భయం?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆ ప్రశ్నే ఇప్పుడు మైకు నోటికొచ్చింది.

"నాన్నా, నీకు దేనికి భయం?"

"నాకా? భయమా?" పెట్టె ఎత్తి పక్కన నిలబెట్టాడు. "నీ స్పెషల్ క్లాసులయ్యేసరికి చీకటి. మొన్న బట్టలివ్వడానికి నువ్వొచ్చే ఆ గోడౌన్ల సందులోంచి వెళ్లాను. ఒక్క లైటు లేదు. నాకే అడుగు పడలేదు."

అయితే నాన్న భయం బడి కాదు, సందు. మైకు బల్ల దగ్గరికి జరిగింది. "పెద్దరోడ్డు మీదుగా వస్తాం. నలుగురం కలిసి. పావుగంట ఎక్కువ, అంతే."

"నలుగురంటే? నీ స్నేహితురాళ్లు, ఆ బక్కదాని గుంపేనా? గాలేస్తే ఎగిరిపోకుండా మిమ్మల్నే పట్టుకోవాలి."

"సాయంత్రం నువ్వు బట్టలు పట్టుకెళ్లేది పెద్దరోడ్డుకేగా," అంది అమ్మ తలెత్తకుండా. "వీళ్లు వచ్చే వేళకే బయల్దేరు."

నాన్న చొక్కా వైపు చూశాడు. ఒక చెయ్యి ఇంకా నలిగే ఉంది. అలాగే చుట్టి మూటలో పడేశాడు.

"సాయంత్రం ఆ దారి చూస్తాను. అప్పటిదాకా పేరు ఉండనీ. టైమైంది, పో."

"సరే నాన్నా," అంది మైకు. అంత పెద్ద గొంతులోంచి వచ్చిన ఆ మాట పక్కనున్న అమ్మక్కూడా వినపడలేదు.