అరవై ముగ్గురు

మూడో చీటీ కూడా చింపేసి వసంతకుమారి టైపురైటర్‌లోకి కొత్త అట్ట ఎక్కించింది. పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. న్యూయార్క్ రేవు పక్కనున్న ఆ ఓడల మ్యూజియంలో ఐదింటికి కొత్త హాలు తెరుస్తారు. గాజుపెట్టెలో డచ్చి యుద్ధనౌక నమూనా తెరచాపలు విప్పుకుని ఠీవిగా నిలబడింది. దాని ముందు పెట్టే నాలుగు వాక్యాల చీటీయే తెమలడం లేదు.

ఆ ఓడ మూడొందల ఏళ్ళ కిందట బందరు రేవులో రెండేళ్ళు కాపలా కాసింది. వసంతదీ బందరే, వలందపాలెం. అక్కడ కాలేజీలో చరిత్ర చెప్పిన మనిషి ఇక్కడ గంటకు నాలుగున్నర డాలర్లకు చీటీలు కొడుతోంది. కూటి కోసం కోటి విద్యలు. ఎనభై రెండు ఫిబ్రవరిలో భర్త సుందర్ రాజ్‌ని ఫ్యాక్టరీవాళ్ళు తీసేశారు. ఇద్దరి గ్రీన్ కార్డూ ఈ మ్యూజియం డైరెక్టర్ సంతకం మీదే ఉంది. ఆ సంతకం సోమవారం.

"మీ ఊరి ఓడ కదా, మీరే రాయండి" అన్నది ఆ డైరెక్టరే. ఆమె ఓడ దినచర్య పుస్తకం అనువాదం తిరగేసి ఉన్నదే రాసింది: కరువు ఏడాది ఈ ఓడ బందరులో బియ్యమిచ్చి అరవై ముగ్గురు మనుషుల్ని కొని, బానిసలుగా జావాలోని డచ్చివాళ్ళ రేవు బటావియాకు చేర్చింది.

అది మార్చమని చెప్పి వెళ్ళిన భాస్కరరావు మళ్ళీ వచ్చాడు. పన్నెండేళ్ళుగా ఆఫీసు చూస్తున్న గుంటూరు మనిషి, ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించినవాడు. మంచివాడే. మంచివాళ్ళ చేత ఇలాంటి పనులు చేయించుకోవడం పెద్దలకు వెన్నతో పెట్టిన విద్య.

"ఇంకా అవలేదా అమ్మా? హాలుకి ఫండ్స్ ఇచ్చింది షిప్పింగ్ కంపెనీ. ఛైర్మన్ ఫ్యామిలీతో వస్తున్నాడు. లోకల్ వాళ్ళకి ఎంప్లాయ్‌మెంట్ ఇచ్చింది అని టైప్ చేసెయ్యండి."

"కొన్నారండీ వాళ్ళని. పుస్తకంలో ఉంది."

"ఉంటే ఉందిలెండి. వాళ్ళు పోయి మూడొందల ఏళ్ళయింది. మీ ఫైలు మండే సైన్ అవ్వాలి. డైరెక్టర్‌కి నేను మాటిచ్చాను మీ గురించి."

వసంత అతను చెప్పినట్టే టైపు చేసింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

అతను అట్ట తిప్పి చూశాడు. అక్కడ ప్రతి చీటీ వెనకా రాసినవాళ్ళు పొడి అక్షరాలు వెయ్యాలి.

"ఇనీషియల్స్ మర్చిపోయారు."

"మర్చిపోలేదండీ. వెయ్యను."

"వసంతగారూ..."

"కొట్టమన్నారు, కొట్టాను. రాసింది నేనని మాత్రం వెయ్యను."

ఐదుకు పది నిమిషాలుంది. భాస్కరరావు కోప్పడలేదు. జేబులోంచి పెన్ను తీసి ఆమె పొడి అక్షరాలు తనే వేశాడు, అచ్చం ఆమె వేసినట్టే.

"మీ మంచికేనమ్మా," అన్నాడు. ఆ గొంతులో కపటం లేదు. అదే ఘోరం.

తలుపులు తెరిచారు. ఛైర్మన్ భార్య వంగి చీటీ చదివి, ఎవరు రాశారని అడిగింది. భాస్కరరావు గర్వంగా వసంతను చూపించాడు.

"ఆ రోజుల్లోనే మీవాళ్ళకి పని దొరికిందన్నమాట. ఎంత బాగుంది," అంటూ ఆవిడ చెయ్యి చాచింది.

వసంత చేతులు కట్టుకుంది. కళ్ళు దించలేదు.

ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉంది. హాలు ఆ చివర డైరెక్టర్ మాట మధ్యలో ఆపి ఇటు తిరిగాడు.