చెరకు కాలిన వాసన

అమ్మను లారీ మీదికి ఎక్కించినప్పటి నుంచే నాకు భయంగా ఉంది. దేని గురించి భయపడుతున్నామో తెలియనప్పుడు అది మన స్వభావమని సర్దిచెప్పుకుంటాం. నేనూ అదే చేశాను. అమ్మకు తొంభై ఏళ్లు. కొన్ని ఉదయాలు నన్ను కొడుకుగా గుర్తుపడుతుంది. మరికొన్ని ఉదయాలు మర్యాదగా తలవంచి, ఎవరి కోసం వచ్చారని అడుగుతుంది.

హవాయిలోని మా కవాయి దీవిలో చెరకు మిల్లు ఎన్నడో మూతపడింది. అయినా ప్రతి జూలైలో ఊరంతా కలిసి ఆ తోటల కాలాన్ని వీధుల్లో ఊరేగిస్తుంది. పొలంలో పని చేసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది అమ్మ ఒక్కతే. అందుకని ఈసారి పాత చెరకు లారీ మీద, నిలబెట్టి కట్టిన చెరకు మోపుల మధ్య ఆమెకు కుర్చీ వేశారు. ముతక చొక్కా, పిక్కలకు చుట్టిన పట్టీలు, గడ్డిటోపీ మీదుగా గడ్డం కిందికి బిగించిన రుమాలు. ఆమె పదమూడో ఏట పొలం పనికి తొడిగిన వేషమే అది. కుదుపులకు పడిపోకుండా లియోనా ఆమె నడుముకు వెడల్పాటి గుడ్డపట్టీ చుట్టి, కుర్చీ వెనక ముడి వేసింది. ఊరేగింపు పెత్తనమంతా లియోనాదే.

మోపుల ఆకులు ఎండి గలగలమంటున్నాయి. "వీటిని తీసెయ్యకూడదా?" అన్నాను.

"తీసేస్తే ఏముంటాయి నోబోరూ, కర్రలు! వెదురనుకుని నవ్వుతారు జనం."

"ఆ రోజుల్లో ఆకుతో చెరకు లారీ ఎక్కిందా ఎప్పుడైనా? ముందు పొలం తగలబెట్టేవాళ్లు. ఆకంతా కాలిపోయాకే కదా నరికేది!"

"అయితే మసి పూసి తెమ్మంటావా? ఫోటోలో బాగుండొద్దా? పుస్తకాలు చదివీ చదివీ ఎండుటాక్కూడా భయపడుతున్నావయ్యా నువ్వు!"

లారీ తోలే బెనిటో కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అన్నా, ఆంటీ గురించి బెంగ వద్దు. ఈ ముసలి బండికి నడవడమే గొప్ప. ఇక పరుగెత్తడం కూడానా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పక్క దీవిలో ఒక ఊరు మొత్తం కాలిపోయి ఇంకా ఎక్కువ కాలం కాలేదు. దున్నేవాళ్లు లేని పాత చెరకు పొలాల్లో మనిషెత్తు ఎండుగడ్డి పెరిగింది. ఎక్కడ పొగ కనిపించినా మేమంతా ఆగి చూస్తాం. ఆ మాట పండుగ పూట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

ఊరేగింపు కదిలింది. మా వెనక మా జపాను వాళ్ల పెద్ద డప్పులు, మా ముందు ఫిలిపినో ఆడవాళ్ల నృత్యం. నేను లారీ పక్కనే, అమ్మ చేతికి అందేంత దగ్గరలో నడిచాను. గాలి వెనక నుంచి వీస్తోంది. బండి మొదటి గేరులోనే మూలుగుతూ పోతోంది.

మేం దుకాణాల వరుస దగ్గరికి రాకముందే అక్కడి జనం చప్పట్లు మొదలుపెట్టారు. ఒక పెద్దాయన టోపీ తీసి, కళ్లు మూసుకుని గాలి పీల్చాడు.

"అబ్బ, ఆ వాసన చూశావా! చెరకు తగలబెట్టిన వాసన!"

"లియోనాదే ఈ పని. ఎక్కడ సంపాదించిందో మహాతల్లి!"

"మా నాన్న ఇప్పుడే పొలం నుంచి ఇంటికొచ్చినట్టుందిరా."

ఆ వాసన నాకూ అందింది. పాకం మాడుతున్న తీపి, దాని అడుగున గడ్డి కాలిన ఘాటు. చిన్నతనంలో ఆ వాసన వచ్చిన రాత్రి ఇంట్లో అందరం మెలకువగా ఉండేవాళ్లం. ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. తర్వాత ఆలోచిస్తే నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ క్షణమే. జ్ఞాపకం ప్రమాదాన్ని గుర్తుపట్టదు. ఎదురెళ్లి చేయి పట్టుకుంటుంది.

అమ్మ నా వైపు వంగింది. "తీగ మీద బట్టలు తీసెయ్ రా. బూడిద పడుతోంది."

పొలం తగలబెట్టే రోజున ప్రతి ఇల్లాలూ చేసే మొదటి పని అది. "తీస్తానమ్మా," అన్నాను. ఈ రోజు ఆమె ఆ కాలంలో ఉందనుకున్నాను.

మిల్లు పొగగొట్టం దగ్గర దారి మలుపు తిరిగింది. గాలి ఎదురైంది. నల్లటి సన్నని రేకు ఒకటి వంకర తిరుగుతూ వచ్చి అమ్మ చొక్కా చేతి మీద వాలింది. అది నలిగితే మరక పడుతుంది. అందుకని ఆమె నోటితో మెల్లగా ఊది దాన్ని ఎగరగొట్టింది. మరొకటి వాలింది. నేను తల ఎత్తి చూశాను. డ్రైవరు గది వెనక నిటారుగా నిలిచి కాలుతున్న బండి పొగగొట్టానికి ఒక మోపు ఒరిగి ఉంది. దాని ఆకులు అంచుల నుంచి ఎర్రగా తమను తాము తింటున్నాయి.

"బెనిటో! ఆపు!" అరుపు డప్పుల్లో మునిగిపోయింది. పరుగెత్తి తలుపు బాదాను. బండి ఆగింది. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

చక్రం మీద కాలు పెట్టి పైకెక్కాను. దారి పొడవునా కుదుపులకు గుడ్డపట్టీ ముడి రాయిలా బిగిసింది. పళ్లతో పట్టి లాగాను. చివరకు ముడి వీడింది. కానీ అమ్మ రెండు చేతులతో పక్కనున్న చెరకును పట్టుకుంది.

"దిగాలమ్మా, లే."

"మిల్లు విజిల్ ఇంకా వెయ్యలేదుగా."

"అమ్మా, నిప్పు! చూడు!"

"నిప్పుకేం, రోజూ ఉండేదే. విజిల్ పడకుండా దిగితే దొర పేరు కొట్టేస్తాడు. ఇంట్లో నాన్న ఊరుకోడు."

దొర అంటే గుర్రం మీద తిరుగుతూ పని చేయించేవాడు. అతడు పోయి ఎన్నో దశాబ్దాలు. నేను ఆమె చేతులు పట్టి లాగాను. నాకు అంత బలముందని తెలియనంతగా లాగాను. ఆమె వేళ్లు వదలలేదు. నా వెనక గుడ్డ చింపినట్టు శబ్దమైంది. మంట పక్క మోపుకు అంటుకుంది. నా మెడ మీద వేడి తగిలింది. ఆమె కళ్లలో మాత్రం ఆ మంట పట్ల భయం లేదు. అంతకంటే పాత భయం అక్కడ ముందే కూర్చుని ఉంది.

అప్పుడు నా గొంతులోంచి ఒక స్వరం వచ్చింది. అది నాదని నేను ఎరగను.

"లే! దిగు కిందికి! చెప్పేది నీకే!"

ఆమె వేళ్లు వెంటనే విడిపోయాయి. తల వాలిపోయింది. "దిగుతున్నా దొరా, దిగుతున్నా."

ఆమెను ఎత్తి బెనిటో చేతుల్లోకి దించాను. ఆమె ఒళ్లంతా వణుకుతోంది. ఆ వణుకు మంట వల్ల కాదు.

అప్పటికి జనానికి అర్థమైంది. ఐసు దుకాణం వాళ్లు తొట్లతో నీళ్లు తెచ్చి గుమ్మరించారు. ఎవరో నీళ్ల గొట్టం లాక్కొచ్చారు. మంట చల్లారింది. డప్పులు ఆగాయి. లియోనా తడిసిన మోపుల ముందు నిలబడి, "ఫోటో కోసం... ఫోటో కోసం..." అని మాత్రమే అంటోంది.

అమ్మను దుకాణం మెట్టు మీద కూర్చోబెట్టి, నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. నా తల ఆమె తల కంటే కిందికి ఉండాలనుకున్నాను.

"అమ్మా, నేను. నోబోరూని."

ఆమె నా బూట్ల వైపు చూసింది. చొక్కా చేతిని మణికట్టు మీదికి లాక్కుంది. కింద నేను పట్టి లాగిన చోట చర్మం ఎర్రగా కమిలి ఉంది.

"ఏం కాలేదు దొరా. పని చెయ్యగలను." తల ఎత్తకుండానే అడిగింది. "రేపు రావచ్చా?"

వద్దంటే ఆమెకు ఆ పూట తిండి పోయినట్టు. రమ్మంటే ఆ పొలంలోకి నేనే తోలినట్టు. కొడుకు చెప్పగల జవాబు కోసం వెతికాను. ఆమె అడిగింది కొడుకును కాదు.

"రావచ్చు," అన్నాను.

ఆమె ఊపిరి వదిలి, లోతుగా తలవంచి దండం పెట్టింది.