ఉక్కు పాదాల టైలరు

నేను టైలర్ని. షుగరు వచ్చి పదకొండేళ్ళయింది. రక్తపరీక్షకు రెండు రోజుల ముందు టీలో పంచదార మానేసి, వీధి చివరిదాకా నడిచొస్తే అంకె ముచ్చటగా వచ్చేది. మూడు నెలల సగటు తేల్చే పరీక్ష ఇంకొకటుంది. అది రెండు రోజుల పథ్యానికి లొంగే రకం కాదు గనక దాని జోలికి వెళ్ళేవాణ్ణి కాదు.

పాదాలు రోజూ చూసుకోమని డాక్టరు గారు చెప్పారు. మా ఆవిడ రోజూ గుర్తు చేసేది. నేను వింటేగా! "నావి ఉక్కు పాదాలే! మండుటెండలో వట్టికాళ్ళతో నడిచినా చురుక్కుమనదు" అని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా కోతలు కోసేవాణ్ణి. చెప్పులుంటే మిషను తొక్కడానికి పట్టు దొరకదని లోపల వట్టికాళ్ళతోనే తిరిగేవాణ్ణి. గుండుసూదులు రాలేచోట అలా తిరిగే తెలివి దేవుడు అందరికీ ఇవ్వడు.

మొన్న లెక్కల మాస్టారొకరు ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చారు. మాటల్లో తనకీ షుగరుందన్నారు. మిషను ఆపి, లేచి వెళ్ళి కొలతలు తీసుకుంటుంటే నేల మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి.

"మాస్టారూ, మీ కాలికి ఏదో గుచ్చుకుంది, చూసుకున్నారా?"

"లేదే! నాకేం తెలియలేదు."

"తెలియదండీ! ఈ జబ్బు టక్కరితనమే అది."

కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని వెతికాను. వెతుకుతున్నంతసేపూ ఉపన్యాసమే. పథ్యం, నడక, సగటు పరీక్ష, ఒక్కటీ వదల్లేదు. ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులన్నారు, నేను సొంతంగా ఇంకో నాలుగు కలిపాను. ఆయన పాదాల మీద గీత కూడా లేదు.

మాస్టారు నేలకేసి చూసి, "ఏమీ అనుకోకండి. ఆ చుక్కలు మీ మిషను దగ్గర మొదలయ్యాయి. నేను అటు రానే లేదు" అన్నారు.

నా ఎడమ పాదం ఎత్తి చూసుకున్నాను. బొటనవేలి కింద గుండుసూది తలదాకా దిగి ఉంది. చుట్టూ చీము. ఎన్నాళ్ళ నాటిదో! గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. అది నయం, దానికి రోజూ గుర్తుచేసే పెళ్ళాం లేదు. సూది పట్టుకుని లాగాను. నొప్పి లేదు. కెవ్వుమని అరవగలిగితే బాగుండుననిపించింది. చాలా భయమేసింది.

అరగంటలో మా ఆవిడతో ఆస్పత్రిలో ఉన్నాను. డాక్టరు గారు కట్టు కట్టి, "చీము లోపలికి పాకితే వేలు తీసెయ్యాలి. అసలు కాళ్ళలో స్పర్శ ఎంత మిగిలిందో చూద్దాం. కళ్ళు మూసుకోండి, ఇది తగిలినప్పుడల్లా ఊఁ అనండి" అంటూ దారప్పోగంత సన్నని ప్లాస్టిక్ పుల్ల తీశారు.

ఈ పరీక్ష నాకు కొత్త కాదు. ప్రతిసారీ ఓరకంట చూస్తూ, ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా ఊఁ కొట్టి గట్టెక్కేవాణ్ణి. ఈసారి నిజంగానే గట్టిగా కళ్ళు మూసుకున్నాను. కనీసం కుడికాలైనా దక్కిందో లేదో నాకే తెలియాలి. ఊఁ అందామని కాచుకుని కూర్చున్నాను. ఆయన ఎంతకీ మొదలుపెట్టలేదు.

"కానివ్వండి డాక్టరు గారూ, నేను సిద్ధం" అన్నాను.

"రెండు కాళ్ళూ అయిపోయాయండీ" అన్నారాయన.

పక్కనుంచి మా ఆవిడ ఏడుపు వినిపించింది. కళ్ళు తెరవడానికి నాకు ధైర్యం చాల్లేదు.