ఇత్తడి పిడి

స్టాసియా నా జుట్టు పిడికిట పట్టి, తలను అద్దానికేసి కొట్టింది. అద్దం పగిలింది. పడబోతూ నేను ఆ పగిలిన అద్దాన్నే పట్టుకున్నాను. రెండు అరచేతులూ తెగాయి.

"మేం చేతులు కడుక్కునే తొట్టిలో పాలు పిండుతావటే? సిగ్గులేదూ?"

"పాప దగ్గర లేదు కదక్కా. గడ్డలు కట్టి చచ్చిపోతున్నాను."

"అక్కా లేదు, చెల్లీ లేదు! నువ్వు పురిటి నుంచి తిరిగొచ్చాకే మన గింజలు చస్తున్నాయి. నీ పాల చేతులే చంపుతున్నాయి వాటిని!"

గింజ అనేది మేం పెట్టుకున్న పేరు. అది నువ్వుగింజలో సగం ఉండే జెర్మేనియం ముక్క. సూక్ష్మదర్శినిలో చూస్తూ దానికి వెంట్రుక కన్నా సన్నటి తీగలు అతికితే ట్రాన్సిస్టర్ అవుతుంది. ఆ వసంతంలో ఫ్యాక్టరీలో మా బల్ల మీద చేస్తున్నవి మా దేశం మొట్టమొదట ఆకాశంలోకి పంపబోయే ఉపగ్రహం కోసం. పంపరపనస కాయంత బంతి. పైనుంచి అది రేడియోలో కూయాలంటే లోపల మా గింజలు బతికుండాలి. నేను తిరిగొచ్చిన దగ్గర్నుంచి మాత్రం మీటరుకు తగిలిస్తే ముల్లు కదలడం లేదు. పళ్ళేలకు పళ్ళేలు చెత్తలో పోస్తున్నారు.

కేకలు విని ఫోర్‌మన్ హాబర్ట్ తలుపు తోసుకుని వచ్చాడు. నా రక్తం కన్నా ముందు అద్దాన్ని చూశాడు.

"ఎవరు పగలగొట్టింది?"

"దీని తల," అంది స్టాసియా.

"మీ తగువులు మీ గని కార్మికుల వీధిలో పెట్టుకోండి. రేపు ఒక్కొక్కరికీ ఆఖరి పళ్ళెం. అదీ చచ్చిందంటే బల్ల మూసేస్తారు. అందరికన్నా ముందు నువ్వు ఇంటికి పోతావు వెర్నా."

ఇంట్లో నా మొగుడు ఎమెట్ ఉన్నాడు. గనిలో కప్పు కూలి నడుం విరిగినప్పటి నుంచి మంచం దిగలేదు. పాపను ఆయన పక్కన పడుకోబెట్టి వస్తాను. అది దొర్లి కింద పడితే ఎత్తుకోలేడు. పని చేస్తున్నంతసేపూ నా చెవుల్లో అది పడిన చప్పుడే వినిపిస్తూ ఉంటుంది. అయినా ఈ పని పోతే ముగ్గురం ఏం తింటాం? తొమ్మిదో తరగతితోనే చదువు ఆగిపోయింది. నాకున్న ఆస్తల్లా వణకని వేళ్ళు.

"వేళ్ళకేం కాలేదండి, చేస్తాను," అన్నాను. నర్సు అరచేతులకు మందంగా కట్టు కట్టింది.

మర్నాడు పని గది తలుపు దగ్గరే ఆగిపోయాను. గుండ్రటి ఇత్తడి పిడి, కట్టు కట్టిన చేతుల్లో జారిపోతోంది. వెనకే స్టాసియా వచ్చింది.

"కాస్త తలుపు తియ్యవా అక్కా?"

"రాణిగారికి నేను ద్వారపాలకురాలినా?" అంటూనే తీసింది. నేను లోపలికి అడుగు పెట్టగానే తలుపును నా భుజానికి తగిలేలా తన్నింది. ఆ రోజంతా ఎన్నిసార్లు తీసిందో అన్నిసార్లూ తన్నింది.

చేసిన ప్రతి ట్రాన్సిస్టర్‌నీ పక్క బల్ల మీద బిగించి సుత్తితో కొట్టాలి. రాకెట్ కొట్టే దెబ్బ ముందు అదెంత అనేవారు. మా బల్లకు పెద్ద స్టాసియానే కాబట్టి సుత్తి ఆమెది. ఆమె కొట్టే ఒక్కో దెబ్బకీ నా తల లోపల అద్దం మళ్ళీ పగిలేది.

సాయంత్రం మీటరు పెట్టారు. నా పళ్ళెంలో ముల్లు గంతులేసింది. మిగతావాళ్ళవి చచ్చాయి. స్టాసియా పళ్ళెంలో ఒక్కటీ బతకలేదు.

"ఏం చేశావే మంత్రగత్తే! మావి చంపి నీవి బతికించుకున్నావా?"

సుత్తి నా వేళ్ళ మీదకి దిగింది. చెయ్యి లాక్కున్నాను. సూక్ష్మదర్శిని ముక్కలైంది. హాబర్ట్ ఆమెను నడుం దగ్గర పట్టుకుంటే మణికట్టు కొరికింది. కొత్తగా వచ్చిన ఇంజనీరు లిన్‌వుడ్ గోడకు అతుక్కుపోయాడు. అక్కణ్ణుంచే నన్ను అడిగాడు.

"ఇవాళ కొత్తగా ఏం చేశావమ్మా?"

"ఏం చెయ్యలేదండి. ఈ కట్టుతో పట్టకారు తప్ప దేన్నీ పట్టుకోలేకపోయాను. తలుపు కూడా ఆవిడే తీసింది, తిట్టుకుంటూ."

అతను తలుపు వైపు చూశాడు. "ఈ తలుపు ఎప్పుడు పెట్టారు?"

"ఈ గది కట్టినప్పుడే, చలికాలంలో. ఈవిడ అప్పుడు పురిట్లో ఉంది, తిరిగొచ్చిన రోజునే బల్ల ఇందులోకి మారింది," అన్నాడు హాబర్ట్ మణికట్టు నొక్కుకుంటూ.

లిన్‌వుడ్ గోడ వదిలి వచ్చాడు. స్టాసియా చేతిలోంచి సుత్తి లాక్కుని తలుపు పిడి ఊడి నేల మీద దొర్లేదాకా బాదాడు. రాకెట్ పంపే నేవీ అధికార్లు చూడ్డానికి వస్తారని రోజూ రుద్ది మెరిపించిన పిడి అది.

"ఇత్తడంటే సగానికి పైగా రాగే. వేలికి అంటిన రాగి చాలు, గింజ చావడానికి."

అందరూ తమ చేతులు చూసుకున్నారు. నా తల పగలగొట్టినందుకు ఒక్క మాటైనా అంటుందేమోనని స్టాసియా వైపు చూశాను.

"పాలు కూడా అయ్యుండొచ్చు," అంది.

కట్టు చేతులతో నేను చేసినవే ఆ బంతిలోకి వెళ్ళాయి. అక్టోబరులో రష్యావాళ్ళ బంతి ముందే ఎగిరిపోయింది. మాది డిసెంబరు దాకా ఆగింది. అప్పటికి ఫ్యాక్టరీలో సగం బల్లలు మూతపడ్డాయి. మా బంతి నోరు మెదపకపోతే మా బల్లకీ అదే గతి అని హాబర్ట్ చెప్పేశాడు.

భోజనాల గదిలో టీవీ చుట్టూ నిలబడి చూశాం. రాకెట్ కాస్త లేచింది. ఎవరో వెనక్కి లాగినట్టు కిందికి కుంగింది. తెరంతా మంట. గదిలో ఎవరో కుర్చీ విసిరారు. ఇంకెవరో ఏడుస్తున్నారు. స్టాసియా జనాన్ని తోసుకుంటూ వచ్చి నా మూతి మీద గుద్దింది.

"అందులో ఉన్నవి నీవే! మా అందరి కూడూ కాల్చేశావు!"

పళ్ళ మధ్య రక్తం. ఈసారి ఊరుకోలేదు, నేనూ ఆమె మెడ పట్టుకున్నాను. బల్ల మీద పడ్డాం, సూపు గిన్నెలు పగిలాయి. ఆమె పిడికిలి మళ్ళీ లేచింది.

"ఆగండి! నోరు ముయ్యండి అందరూ!" లిన్‌వుడ్ రేడియో గొంతు పెంచాడు.

బంతి మంటల్లోంచి అవతలికి ఎగిరి పడిందట. నేల మీద పడి ఉందట. ఇంకా కూస్తూనే ఉందట.

స్టాసియా పిడికిలి గాల్లోనే ఉండిపోయింది. అంత మంటలోంచి విసిరేస్తే, ఎత్తుకునేవాళ్ళు లేక ఎక్కడో పడి అది పిలుస్తోంది. నా రవిక ముందుభాగం రెండు వైపులా పాలతో తడిసిపోయింది. ఆపడం నా వల్ల కాలేదు.

"గింజలు బతికే ఉన్నాయి," అన్నాడు హాబర్ట్ మెల్లగా. "పొద్దున్నే రండి. బల్ల ఉంటుంది."

స్టాసియా నా మీద నుంచి లేచింది. తడిసిన నా గుండెల వంక చూసింది. తన ఏప్రన్ విప్పి నా మొహాన కొట్టింది.

"కప్పుకోవే. అందరూ చూస్తున్నారు."